యూనివర్సిటీ ప్రసంగాలకి మనమూ వెళ్ళొచ్చా?

పోయిన నెల ఈ పేజీలో, యూనివర్సిటీలు మామూలు జనం కోసం ఉచితంగా పెట్టే ప్రసంగాల గురించి, ల్యాబుల తలుపులు తెరిచిపెట్టే రోజుల గురించి రెండు మాటలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి, ఎక్కువమంది అడిగినవీ, ఒక్కరే అడిగినా నన్ను రెండు రోజులు ఆలోచనలో పడేసినవీ ఏరి జవాబులు రాస్తున్నాను. పేరు వేయొద్దన్నవాళ్ళు ఉన్నారు, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఇంటర్ మధ్యలో ఆపేశాను, ఇంట్లోనే బట్టలు కుడతాను. మా అబ్బాయి చదివే యూనివర్సిటీలో నిద్ర గురించి ఎవరో ప్రొఫెసర్ మాట్లాడతారని, ఎవరైనా రావచ్చని కాగితం అంటించారట. నాకు ఏళ్ళ తరబడి నిద్ర సరిగ్గా పట్టదు, వెళ్ళి వినాలని ఉంది. కానీ అక్కడ అందరూ పెద్ద చదువుల వాళ్ళే ఉంటారు కదా. నేను ఏదైనా అడిగితే నవ్వరా?

జవాబు: వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. ఎవరైనా రావచ్చని రాశారంటే ఆ 'ఎవరైనా'లో మొట్టమొదట ఉండాల్సింది మీరే. ప్రొఫెసర్లు ప్రొఫెసర్లకి చెప్పుకునే సభలు వేరే ఉంటాయి, వాటికి గోడల మీద కాగితాలు అంటించరు.

ఇలాంటి సభలు నడపడం నా ఉద్యోగంలో భాగంగా చాలా ఏళ్ళు చేశాను. మెట్ల దాకా వచ్చి, లోపలికి ఒకసారి తొంగిచూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళని కూడా చూశాను, వాళ్ళు ఇప్పటికీ గుర్తొస్తారు. ఒకసారి మీరన్న విషయం మీదే, నిద్ర మీదే ప్రసంగం. ఎన్ని గంటలకి పడుకోవాలి, పొద్దున వెలుగు ఎందుకు తగలాలి, ఇవన్నీ ప్రొఫెసర్ గారు బాగా చెప్పారు. ఆ భవనానికి రాత్రి కాపలా ఉండే ఆయన డ్యూటీ ఎక్కే ముందు కాసేపు విందామని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చివర్లో చెయ్యెత్తి, "అయ్యా, నేను పొద్దున ఏడింటికి ఇంటికెళ్ళి పడుకుంటాను, మరి నాకు ఈ లెక్క ఎలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ గారు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసి, "మా ప్రయోగంలో రాత్రి పనిచేసేవాళ్ళని అసలు తీసుకోలేదండీ" అని ఒప్పుకుని, ఆ తర్వాత పావుగంట ఆయనతోనే మాట్లాడారు. మన ఒంట్లో ఉండే గడియారం వెలుగుని బట్టి సర్దుకుంటుంది కాబట్టి, డ్యూటీ దిగి ఇంటికెళ్ళేటప్పుడు కళ్ళ మీద ఎండ ఎక్కువ పడకుండా చూసుకోవడం, పడుకునే గదిని బాగా చీకటి చేసుకోవడం, రోజూ ఒకే వేళకి పడుకోవడం, ఇవన్నీ అప్పుడు బయటికొచ్చాయి. ఆ రోజు స్లైడ్లలో ఏముందో నాకు గుర్తులేదు, ఆ పావుగంట మాత్రం గుర్తుంది.

ఇక చదువు సంగతి. మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు, బడి చదువు అంతంత మాత్రం, పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని నేర్చుకుంటున్న కుర్రాడు. 1812లో అక్కడికి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే, లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్సు సంస్థకి వెళ్ళి, హంఫ్రీ డేవీ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త ప్రసంగాలు నాలుగు విన్నాడు. విన్నదంతా నోట్సు రాసుకున్నాడు, చేతిలో ఉన్న పని అదే కాబట్టి దాన్ని చక్కగా బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడిగా చేరాడు. ఈ రోజు కరెంటు పుట్టించే జనరేటర్ల వెనక ఉన్న సూత్రం 1831లో ఆయన కనిపెట్టిందే. హాల్లోకి వెళ్ళేటప్పుడు ఆయన్ని ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు, మిమ్మల్నీ అడగరు.

చిన్న చిన్న జాగ్రత్తలు. ప్రసంగం ఏ భాషలో ఉంటుందో కాగితం మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి ముందే కనుక్కోండి. ఇంగ్లీషులో అన్నా మానేయకండి, ప్రశ్న తెలుగులో అడగొచ్చా అని అడగండి, నిర్వాహకులు చాలాసార్లు సంతోషంగా ఒప్పుకుంటారు. అడగాలనుకున్నది ఇంట్లోనే చిన్న చీటీ మీద రాసుకుని పట్టుకెళ్ళండి, నిలబడేసరికి మర్చిపోతాం, నాకూ అలాగే అవుతుంది. మీరు వేసుకునే మందుల గురించి మాత్రం నలుగురిలో అడగొద్దు, అది మీ డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. 'కుట్టుపని చేసేవాళ్ళం రాత్రి పొద్దుపోయేదాకా లైటు కిందే కూర్చుంటాం, దానివల్ల నిద్ర చెడుతుందా' అని అడిగి చూడండి, హాల్లో సగం మందికి పనికొచ్చే ప్రశ్న అది.

ప్రశ్న: నేను రిటైరై మూడేళ్ళయింది. ఈ రోజుల్లో ఎవరూ ఏదీ ఊరికే ఇవ్వరు. ఈ ఉచిత ప్రసంగాలు అడ్మిషన్ల ప్రచారం కాదంటారా?

జవాబు: కొన్ని అదే సార్, కాదనను. మీ అనుమానం మంచిదే, దాన్ని వదులుకోమని చెప్పను, ఎక్కడ వాడాలో చెప్తాను.

మాట్లాడేది ఎవరో చూడండి. పరిశోధన చేసిన మనిషే వచ్చారా, లేక ప్రచార విభాగం వాళ్ళు వచ్చి యూనివర్సిటీ ర్యాంకుల గురించి చెప్తున్నారా? లోపలికి వెళ్ళాలంటే మీ ఫోన్ నంబరు, పిల్లల క్లాసు, వాళ్ళ మార్కులు అడుగుతున్నారా? ప్రశ్నలకి టైమ్ ఉందా? నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఇంకొకటి, మాట్లాడే మనిషి తన పనిలో కుదరనిది, ఇంకా తేలనిది ఒక్కటైనా చెప్పారా లేదా అని. ప్రచారానికి వచ్చినవాళ్ళ నోట ఆ మాట రాదు. ల్యాబులో నిజంగా రోజులు గడిపినవాళ్ళు ఆ మాట చెప్పకుండా ఉండలేరు.

ఉచితం ఎందుకంటే, ఆ పరిశోధనకి డబ్బు చాలావరకు ముందే మనం కట్టేశాం, పన్నుల రూపంలో. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1997 నుంచీ నిధుల కోసం వచ్చే దరఖాస్తుల్ని చూసేటప్పుడు, సైన్సు ఎంత గట్టిదో చూడటంతో పాటు దానివల్ల సమాజానికి ఏం ఒరుగుతుందో కూడా చూస్తోంది. యూరప్‌లో 2005 నుంచి ప్రతి ఏడూ సెప్టెంబరు ఆఖరున ఒక రాత్రిని పరిశోధకుల రాత్రి అని పెట్టి ఊరూరా జనం మధ్యకి పంపుతున్నారు. ఇదేదో ఈ మధ్య పుట్టిన పద్ధతీ కాదు. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ 1597లో మొదలైంది, థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు వీలునామాలో రాసిపెట్టిన ఆస్తితో. అప్పట్లో చదువంటే లాటిన్, అక్కడ మాత్రం లాటిన్‌తో పాటు జనం మాట్లాడే ఇంగ్లీషులోనూ చెప్పేవారు. నాలుగు వందల ఏళ్ళు దాటినా అక్కడ ప్రసంగాలు ఇంకా ఉచితమే.

ప్రశ్న: నేను బయోఫిల్మ్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను మేడమ్. వచ్చే నెల ఒక లైబ్రరీలో సాధారణ ప్రజలకి 20 నిమిషాలు మాట్లాడమని మా గైడ్ అన్నారు, అదీ తెలుగులో. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా సబ్జెక్టు మాటలకి తెలుగే లేదు. అవి వదిలేస్తే సైన్సు తప్పుగా చెప్పినట్టవుతుంది, వదలకపోతే ఎవరికీ అర్థం కాదు. 60 స్లైడ్లు చేశాను, ఎలా తగ్గించాలి?

జవాబు: అమ్మాయ్, తెలుగే లేదన్నావు చూడు, అక్కడే మొదలుపెడదాం. పొద్దున్నే లేచి పళ్ళు తోముకోకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనేవారు? పాచి పళ్ళతో తిరుగుతున్నావేమిటే అని. తొట్టి కడక్కపోతే పాచి పట్టిందంటాం. వానాకాలం మెట్లు పాచి పట్టి జారుతున్నాయంటాం. పంటి మీద ఉన్నదీ, తొట్టి గోడకి పట్టిందీ వేరువేరు జీవులే కావచ్చు, కానీ ఒకదానికొకటి అంటుకుని, చుట్టూ జిగురు కట్టుకుని, ఒక గోడని పట్టుకుని కాపురం పెట్టిన సూక్ష్మజీవుల గుంపు అనే అర్థంలో నీ బయోఫిల్మ్‌కి ఆ మాట ఎంత దగ్గరగా ఉందో చూడు. నువ్వు 'పాచి' అన్న మరుక్షణం హాల్లో ప్రతివాళ్ళకీ నాలుక పళ్ళ మీదికి వెళ్తుంది. బయోఫిల్మ్ అన్న మాట కూడా ఒకసారి చెప్పు, రేపు డాక్టరు దగ్గర వింటే గుర్తుపడతారు, తర్వాత పాచి అనే వాడు.

ఆ తర్వాత లీవెన్‌హుక్ సంగతి చెప్పు. డెల్ఫ్ట్ అనే డచ్చి ఊళ్ళో బట్టల వ్యాపారి, యూనివర్సిటీ గుమ్మం తొక్కలేదు, లాటిన్ రాదు, సొంతంగా చిన్న చిన్న భూతద్దాలు చేసుకుని కనబడ్డ ప్రతిదాన్నీ చూసేవాడు. 1683లో తన పళ్ళ సందుల్లోంచి గీకి తీసిన పాచిని చూసి, అందులో కదులుతున్న జీవుల గురించి లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి డచ్చిలోనే ఉత్తరం రాశాడు. మా దేశంలో ఉన్న జనం కంటే నా నోట్లో ఉన్న జీవులే ఎక్కువ అన్నాడు. ఇంకో పని కూడా చేశాడు, వెనిగర్‌తో పళ్ళు కడుక్కుని మళ్ళీ చూశాడు. పాచిలో పైపైన ఉన్నవి చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయి. నీ పీహెచ్‌డీ మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది కదా? విడిగా తిరిగే బ్యాక్టీరియాని చంపే మందు, అదే బ్యాక్టీరియా పాచిగా కట్టుకుంటే ఎందుకు సరిగ్గా పనిచేయదు? ఆస్పత్రిలో ఒంట్లోకి పెట్టే గొట్టాల మీద, మార్చిన మోకాలి కీళ్ళ మీద ఇది పట్టిందంటే వదిలించడం ఎందుకంత కష్టం? ఇలా అడిగితే మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంటాడు.

60 స్లైడ్లలో 6 ఉంచు. నువ్వు ఏ రసాయనం ఎంత పాళ్ళలో వాడావో, ఏ మెషీన్ మీద కొలిచావో తీసెయ్, ఎవరైనా అడిగితే చెప్పొచ్చు. అలా తీసేస్తే సైన్సు తప్పైపోదు. కచ్చితంగా తేలనిదాన్ని తేలినట్టు చెప్తేనే తప్పవుతుంది. ఎలుకల్లో జరిగిందాన్ని మనుషుల్లో జరిగినట్టు చెప్పినా, గాజు పలక మీద చూసిందాన్ని మందు దొరికేసినట్టు చెప్పినా అది తప్పు, ఆ విషయంలో మాత్రం ఒక్క అంగుళం కూడా జరగొద్దు. 2008లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు పీహెచ్‌డీ మొత్తాన్ని మూడే నిమిషాల్లో, కదలని ఒకే ఒక్క స్లైడుతో చెప్పే పోటీ మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ కరవు, జనం నీళ్ళు ఆదా చెయ్యడానికి స్నానాల గదిలో మూడు నిమిషాల టైమర్ పెట్టుకునేవారు, అది చూసి వచ్చిన ఆలోచనట. మూడు నిమిషాల్లో అంతమంది చెప్పగలుగుతుంటే నీకు 20 ఉన్నాయి.

స్లైడు బదులు చేతికిచ్చే వస్తువు ఒకటి పట్టుకెళ్ళు. నీళ్ళలో నానిన గులకరాళ్ళు రెండు, ఒకటి తోమింది, ఒకటి పాచి పట్టింది, మూత బిగించిన గాజు సీసాల్లో పెట్టి ముందు వరుస నుంచి వెనక వరుస దాకా పంపు. సీసాని వెలుతురుకి ఎత్తిపట్టి, అటూ ఇటూ వంచి చూస్తారు, పక్కవాళ్ళకి చూపిస్తారు, అప్పుడే గుసగుసలు మొదలవుతాయి. ఆ గుసగుసని ఆపకు, అందులోంచే ప్రశ్నలు వస్తాయి.

ఈలోగా సైన్సుతో సంబంధం లేని మనిషిని, మీ నాయనమ్మని కానీ పక్కింటి పిన్నిని కానీ, ఎదురుగా కూర్చోబెట్టి ఒకసారి మొత్తం చెప్పు. వాళ్ళు తల ఊపుతున్నారా లేదా అని చూడకు, మర్యాదకి అందరూ ఊపుతారు. అయ్యాక 'ఇప్పుడు నువ్వు నాకు చెప్పు' అని అడుగు. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ నువ్వు సరిగ్గా చెప్పలేదన్నమాట. వాళ్ళు వాడిన మాటలు రాసిపెట్టుకో, నీ మాటలకంటే మంచివి దొరుకుతాయి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు. ఇలాంటి వాటికి తీసుకెళ్ళొచ్చా, లేక పెద్దయ్యాక చూసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే తీసుకెళ్ళండి. గంటసేపు కూర్చుని వినే ప్రసంగానికి కాదు, ల్యాబుల్లో తిరిగి చూసే రోజులకి. బెంగళూరులో ఐఐఎస్‌సీ అనే పెద్ద పరిశోధన సంస్థ ఏటా ఒక రోజు గేట్లు తెరిచి అందర్నీ లోపలికి రానిస్తుంది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, 1928లో రామన్ ఎఫెక్ట్ కనుక్కున్న రోజు, ఆ వారంలో చాలా పరిశోధన సంస్థలు తలుపులు తెరుస్తాయి. పిల్లలకి ఇవన్నీ ఎక్కవనుకోకండి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసమే ప్రత్యేకంగా ప్రసంగాలు 1825లో మొదలయ్యాయి, ఇందాక చెప్పిన ఫారడే వాటిలో ఒక్క కొవ్వొత్తి పట్టుకుని రసాయనశాస్త్రం అంతా చెప్పాడు. ఒక్కటే మాట, పాప అడగాల్సిన ప్రశ్న మీరు అడగకండి. మోచేత్తో పొడవనూ వద్దు. ఇంటికొచ్చే దారిలో అడిగితే అప్పుడే వినండి.

ప్రశ్న: మా కాలనీ లైబ్రరీ తరఫున ఒక యూనివర్సిటీ టీచరు గారిని పిలిచి ప్రసంగం పెట్టాం. వందమందికి కుర్చీలు వేశాం, నలుగురు వచ్చారు. ఆయన ముందు తలెత్తుకోలేకపోయాం. మళ్ళీ పెట్టాలా వద్దా?

జవాబు: పెట్టండి. నలుగురొచ్చిన సభలు నేనూ నడిపాను. అలాంటప్పుడు వేదిక మీదున్న మనిషిని కిందికి పిలిచి, ఐదు కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చోవాలి. తొంభైయారు ఖాళీ కుర్చీలకి మైకులో మాట్లాడించడమే ఆయనకి కష్టం, నలుగురితో మాట్లాడటం కష్టం కాదు.

జనం ఎందుకు రాలేదో చూద్దాం. ప్రసంగం పేరు మీరు ఉత్తరంతో పాటు పంపిన కరపత్రంలో చూశాను, 'పట్టణ ప్రాంతాలలో వాయు నాణ్యత సూచికల విశ్లేషణ'. అదే విషయాన్ని 'మన కాలనీ గాలి పిల్లల ఊపిరితిత్తులకి ఏం చేస్తోంది' అని పెట్టి ఉంటే తల్లులు వచ్చేవారు. టైమ్ సాయంత్రం ఐదు అని ఉంది, అది ఉద్యోగాల వాళ్ళు బస్సుల్లో ఉండే వేళ, ఇంట్లో ఉండేవాళ్ళకి పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. కరపత్రం చూసి వచ్చేవాళ్ళు తక్కువ, 'రండి, మీ పక్కనే కూర్చుంటాను' అని ఒక మనిషి పిలిస్తే వచ్చేవాళ్ళే ఎక్కువ. మీ కమిటీలో పదిమంది ఉంటే తలా ముగ్గురిని అలా పిలవండి. జనం రారనిపిస్తే జనం ఉన్న చోటికే ప్రసంగాన్ని తీసుకెళ్ళండి, పార్కుకైనా, బడి ఆవరణకైనా. ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్ళో డంకన్ డలాస్ అనే ఆయన 1998లో ఇలా ఆలోచించే సైన్స్ కెఫేలు, అంటే జనం తాగుతూ కబుర్లాడుకునే చోట సైన్సు మాట్లాడుకునే సభలు, మొదలుపెట్టారు, అది చాలా దేశాలకి పాకింది. ముంబైలో టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 'చాయ్ అండ్ వై' పేరుతో ఇలాంటి సభలు ల్యాబు బయట, నాటకాల థియేటర్లో పెడుతున్నారు.

ఆ సైన్స్ కెఫేల పద్ధతిలో నాకు బాగా నచ్చింది విరామం ఉన్న చోటు. 20 నిమిషాలు మాట్లాడాక విరామం ఇస్తారు, ఆ తర్వాత గంట దాకా ప్రశ్నలే. మనం ఏం చేస్తాం? ప్రసంగం కాగానే 'ఎనీ క్వశ్చన్స్?' అంటాం, రెండు సెకన్లు చూస్తాం, లేవు కాబట్టి వందన సమర్పణ. ప్రశ్న పుట్టడానికి టైమ్ కావాలి, పక్కవాళ్ళతో రెండు మాటలు అనుకుంటే కానీ అది నోటిదాకా రాదు. నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్తాను. ఒక సభలో పరిచయాలకి, పెద్దల మాటలకి నలభై నిమిషాలు పోయాయి, ప్రసంగం కుదించలేకపోయాం, ప్రశ్నల టైమ్ మొత్తం ఎగిరిపోయింది. మూడో వరుసలో ఒక పెద్దావిడ చీటీ మీద ఏదో రాసుకుని మొదటి నుంచీ చేతిలో పట్టుకుని కూర్చుంది. హాలు ఖాళీ చేయమంటుంటే ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఏమి అడగాలనుకుందో నాకు ఎప్పటికీ తెలియదు. అప్పటి నుంచి సభ టైమ్‌లో సగం ప్రశ్నలకని మాట్లాడేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, పరిచయం రెండు వాక్యాలకి మించనివ్వడం లేదు.

ఇంకొకటి, చెయ్యెత్తిన వాళ్ళలో ప్రశ్న అడక్కుండా తనే ఉపన్యాసం ఇచ్చేవారు ఒకరుంటారు. ఆయన్ని అవమానించకండి, 'సార్, మీ ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్తే అందరికీ వినబడేలా నేను మళ్ళీ చెప్తాను' అనండి. మొదటి ప్రశ్న మాత్రం వెనక వరుసల నుంచి తీసుకోండి. ముందు ఒక ఆడమనిషో పిల్లలో అడిగితే మిగతావాళ్ళ చేతులు కూడా లేస్తాయి, ఇది నేను చాలాసార్లు గమనించాను.

ప్రశ్న: ఇవన్నీ యూట్యూబ్‌లో పెడుతున్నారు కదా, ఇంట్లో చూస్తే చాలదా?

జవాబు: దూరంగా ఉండేవాళ్ళకి, కదల్లేనివాళ్ళకి అది చాలా మేలు, చూడండి. కాకపోతే వీడియోని మనం ఎదురు ప్రశ్న అడగలేం. ఇంట్లో కూర్చునే పరిశోధనలో పాలుపంచుకోవాలని ఉంటే దానికీ దారులున్నాయి. 2007లో గెలాక్సీ జూ అని మొదలైంది, టెలిస్కోపు తీసిన లక్షల గెలాక్సీల, అంటే కోట్ల నక్షత్రాల గుంపుల, ఫొటోలని ఆకారాన్ని బట్టి వేరుచెయ్యమని జనాన్నే అడిగారు. నెదర్లాండ్స్‌లో హానీ వాన్ ఆర్కెల్ అనే బడి టీచరు ఒక ఫొటోలో వింత మరక చూసి 'ఇదేమిటి?' అని అడిగింది. శాస్త్రవేత్తలకీ తెలియలేదు. వెతికితే అది వెలుగుతున్న పెద్ద వాయుమేఘమని తేలింది, ఇప్పుడు దానికి ఆవిడ పేరే ఉంది.

ప్రశ్న: మూడేళ్ళ కిందట ఒక యూనివర్సిటీ నుంచి అంటూ కొందరు మా దగ్గరికి వచ్చి, నీళ్ళ గురించి, కిడ్నీల గురించి సర్వే చేశారు. ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకున్నారు, సంతకాలు పెట్టించుకున్నారు. మళ్ళీ రాలేదు. ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అదే యూనివర్సిటీ 'సమాజంతో పరిశోధన' అని ఉచిత సభ పెడుతోందట. మేం ఎందుకు వెళ్ళాలి?

జవాబు: మీ కోపం న్యాయమైనది. ఈ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు వేరే పని మీద మనసు పోలేదు, ఎందుకంటే యూనివర్సిటీలో ఉద్యోగం చేసిన మనిషిగా ఈ తప్పులో నాకూ భాగం ఉందనిపించింది.

ఎందుకు రాలేదో చెప్పగలను, సమర్థించలేను. ప్రాజెక్టు డబ్బు నమూనాలు సేకరించడానికి, పరీక్షించడానికి ఉంటుంది, తిరిగి వచ్చి చెప్పడానికి బడ్జెట్‌లో ఒక్క లైను కూడా రాసుకోరు. రక్తం తీసుకున్న విద్యార్థి డిగ్రీ అయిపోయి వెళ్ళిపోతాడు. ఫలితాలు ఇంగ్లీషు జర్నల్లో వస్తాయి. వాళ్ళ లెక్కలో పని పూర్తయింది. మీ లెక్కలో అసలు పని మొదలే కాలేదు.

కానీ తెలుసుకోవడం మీ హక్కు, వాళ్ళ దయ కాదు. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకి ప్రపంచమంతా పాటించే హెల్సింకి ప్రకటన అని ఒకటుంది, 1964 నుంచీ ఉంది. అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళకి దాని ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని 2013లో సవరించిన ప్రతిలో స్పష్టంగా రాశారు. మీరు సంతకం పెట్టిన కాగితం కాపీ ఇళ్ళలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. దాని మీద ప్రాజెక్టు పేరు, బాధ్యుల పేరు, ఎథిక్స్ కమిటీ వివరాలు ఉండాలి. ఎథిక్స్ కమిటీ అంటే ఇలాంటి పరిశోధనకి ముందుగా అనుమతి ఇచ్చే కమిటీ, అక్కడికి ఉత్తరం వెళ్తే పట్టించుకోక తప్పదు. కాపీ దొరక్కపోయినా నెల, సంవత్సరం, మీ ప్రాంతం పేరు రాసి అడగండి. రెండూ విడివిడిగా అడగండి: మీ ప్రాంతం మొత్తం మీద ఏం తేలింది, మీ సొంత పరీక్ష రిపోర్టు ఏమిటి. మొదటిది అందరి ముందూ చెప్పాల్సింది, రెండోది ఎవరిది వాళ్ళకే ఇవ్వాలి, నలుగురిలో చదవకూడదు. కిడ్నీల గురించి భయం ఉన్నవాళ్ళు మాత్రం ఈ జవాబు కోసం ఆగకుండా వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

సభకి వెళ్ళండనే నేను అంటాను, వినడానికి కాదు, అడగడానికి. పదిమంది కలిసి వెళ్ళండి. ప్రశ్నల టైమ్‌లో ఒకరు నిలబడి, ఫలానా నెలలో మా దగ్గర రక్తం తీసుకున్నారు, ఫలితాలు చెప్పడానికి మా దగ్గరికి ఎప్పుడు వస్తారు, తారీఖు చెప్పండి అని నెమ్మదిగా అడగండి. అరవక్కర్లేదు.

జనం అడగబట్టే సైన్సు ముందుకెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. 1975లో అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊళ్ళో పాలీ మరే అనే తల్లి, తన ఇంట్లోనూ చుట్టుపక్కలా పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి కీళ్ళు వాస్తున్నాయని గమనించింది. డాక్టర్లు పట్టించుకోకపోయినా ఎవరికి ఎప్పుడు ఏమైందో వివరాలు పోగుచేసుకుని ఆరోగ్యశాఖకి, యేల్ యూనివర్సిటీకి చెప్పింది. పక్క ఊళ్ళో ఇంకో తల్లి కూడా ఫోన్ చేసింది. యేల్‌లో డాక్టర్ అలెన్ స్టీర్ ఆ వివరాలు పట్టుకుని పరిశోధన మొదలుపెట్టారు. పురుగు కాటు వల్ల వచ్చే జబ్బు అని అలా తేలింది, లైమ్ జబ్బు అని ఇవాళ అందరూ అంటున్నది దాన్నే. నెదర్లాండ్స్ యూనివర్సిటీల్లో 1970లలో 'సైన్స్ షాపులు' అని పెట్టారు, అక్కడికి జనమే తమ ప్రశ్న పట్టుకెళ్తారు, మా వీధిలో గాలి వాసనొస్తోంది, మా నీళ్ళు రంగు మారాయి అని, విద్యార్థులు, అధ్యాపకులు దాని మీద పనిచేసి జవాబు తెచ్చి ఇస్తారు. మన యూనివర్సిటీలన్నిటికీ అలాంటి ఒక గది ఉండాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది.

మీరు రాయాల్సిన ఉత్తరం నమూనా ఒకటి తెలుగులో తయారుచేసి పెట్టాను, ఖాళీలు నింపుకుంటే చాలు. ఈ పత్రిక చిరునామాకి ఒక కార్డు రాయండి, పంపిస్తాను. సభలో వాళ్ళు చెప్పిన తారీఖు కూడా నాకు రాయండి, ఆ రోజుకి నేనూ వస్తాను.